చద్దన్నానికి థాయి చుట్టం

రాత్రి భోజనాలు అయిన తరువాత గిన్నె అడుగున మిగిలిపోయిన అన్నం ఏ సంసారంలోనైనా ఒక చిన్న సమస్యయే. పారవేయడానికి చెయ్యి రాదు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని చెప్పగా విని పెరిగినవాళ్ళం మనం. తెల్లవారి దానినే పిల్లల ముందు పెట్టితే వాళ్ళు ముఖాలు ముడుచుకొంటారు. ఈ సమస్యకు ఒక్కొక్క జాతివారు ఒక్కొక్క పరిష్కారం కనిపెట్టి ఉన్నారు. కోరాపుట్, రాయగడ జిల్లాలలో కాపురముంటున్న మన తెలుగువారికి అటువంటివి రెండు బాగా తెలుసును. ఒకటి మన ఇంటిది, రెండవది పొరుగింటిది. మూడవది కూడా ఒకటి ఉన్నది. అది బంగాళాఖాతానికి అవతల, బర్మాను దాటి, థాయిలాండు దేశంలో ఉన్నది. ఆ వంటను మన సంతలో దొరికే సామానుతో, మన ఇనుప మూకుడులో, పది నిమిషాలలో చేసుకొనే విధం చెప్పడమే ఈ నాలుగు ముక్కలు వ్రాయడంలో ఉద్దేశం.

మన ఇంటి పద్ధతి అందరూ ఎరిగినదే. చద్దన్నంలో గడ్డపెరుగు కలిపి, ఆవకాయ ముక్క నంజుకొని తినడం ఒకటి. ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు పోపు పెట్టి అన్నం కలపడం మరొకటి. నిమ్మకాయ పిండితే అదే పులిహోర అవుతున్నది. పాతకాలపు ఇళ్ళలో తరవాణి కుండ ఉండేది. ఇక పొరుగింటివారి పద్ధతి పఖాళ. అన్నంలో నీళ్ళు పోసి, రాత్రంతా పులియనిచ్చి, తెల్లవారి ఉప్పు, పచ్చిమిరపకాయ, వేపుడు, వడియాల పొడి నంజుకొని తింటారు. అలా రాత్రి ఉంచినదానిని బాసి పఖాళ అంటారు. పూరీ జగన్నాథస్వామి నైవేద్యాలలో పెరుగు పఖాళకు కూడా స్థానమున్నది. ఏటా మార్చి 20వ తేదీని పఖాళ దినంగా ఒడియావారు సంబరంగా జరుపుకొంటున్నారు. చద్దన్నాన్ని ఇంత గౌరవించిన దేశంలో ఉంటూ దానిని చులకనగా చూడడం మనకు తగదు.

థాయివారి వంట పేరు ఖావ్ ఫత్. ఖావ్ అంటే అన్నం. ఫత్ అంటే మూకుడులో పెద్ద మంట మీద కలియబెట్టి వేయించడం. ఒడియాలో అన్నాన్ని భాత అంటారు గనుక, ఫత్ అన్నది కూడ అదేనేమోనని మనకు తోస్తుంది. ధ్వనిలో పోలిక తప్ప అర్థంలో సంబంధం లేదు. అయితే మరొక పోలిక నిజమైనదే ఉన్నది. థాయి దేశంలో ఇద్దరు ఎదురుపడితే, 'కిన్ ఖావ్ రూ యాంగ్' అని కుశలమడుగుతారు. అన్నం తిన్నావా, ఇంకా లేదా అని దాని భావం. మన ఊళ్ళలో 'భోజనమైందా' అని అడగడం వంటిదే. అన్నమే భోజనమని భావించే జాతులన్నిటికీ మాట వేరైనా మర్యాద ఒక్కటే.

నిజానికి అన్నాన్ని మూకుడులో వేయించే విద్య చీనావారిది. దక్షిణ చీనా నుండి తరతరాలుగా థాయిలాండుకు వలస వచ్చినవారు తమ లోతైన ఇనుప మూకుడును, పెద్ద మంట వంటను అక్కడికి తీసుకొనివచ్చారు. థాయివారు ఆ వంటలో తమ చేపరసం పోశారు. పక్కన నిమ్మబద్ద, దోసకాయ ముక్కలు, పచ్చిమిరపకాయల నంజుడు పెట్టారు. అంతటితో అది వారి సొంతమైపోయింది. బర్మావారు ఇదే అన్నానికి ఉడికించిన బఠాణీలు చేర్చి ఉదయపు ఫలహారంగా తింటారు. ఈ సంగతి మన ప్రాంతపు పెద్దలు కొందరికి కొత్త కాకపోవచ్చును. రంగూను వెళ్ళి రేవులలోను, మిల్లులలోను పనిచేసిన తెలుగువారు వేలకొలది ఉండేవారు. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినప్పుడు కొందరు, 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చిన తరువాత మరికొందరు తిరిగి వచ్చివేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట పేరు ఆ రాకకు గుర్తుగా నేటికీ నిలిచి ఉన్నది. కనుక ఈ వంటకం మన ఇంటికి రావడం బొత్తిగా ముక్కూ మొగమూ తెలియనివారు రావడం వంటిది కాదు. దూరపు చుట్టం రావడం వంటిది.

బజారు వంటకూ దీనికీ భేదం

ఫ్రైడ్ రైస్ అనగానే మన పిల్లలకు గుర్తు వచ్చేది సాయంకాలం బస్టాండు దగ్గర తోపుడుబండి మీద అమ్మే అన్నం. అందులో ఎర్రరంగు, రెండు మూడు రకాల సీసాల రసాలు, క్యాబేజీ, పైన నూనె. దానిని నిందించడం నా పని కాదు. రాత్రిపూట బస్సు దిగినవాడి ఆకలి తీరుస్తున్నది. కాని థాయి పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. అందులో రంగు లేదు. పసుపు లేదు, గరం మసాలా లేదు. వెల్లుల్లి, గుడ్డు, ఉల్లి, కొంచెం ఉప్పదనం, కొంచెం తీపి, ఇంతే. పులుపూ కారమూ మూకుడులో కలపరు. పళ్ళెం పక్కన పెడతారు. ఎవరికి కావలసినంత వారు పిండుకొంటారు, నంజుకొంటారు. కారం తినలేని చిన్నవాడికీ, కారం లేనిదే ముద్ద దిగని తాతగారికీ ఒక్క మూకుడులోనే వంట అవుతున్నది. గృహిణులకు ఇందులో ఉన్న సుఖం వేరే చెప్పనక్కరలేదు.

మన పోపన్నానికీ దీనికీ మరొక ముఖ్యమైన తేడా ఉన్నది. పోపన్నంలో రుచి నూనెలో ఉన్నది. ఆవాలు, మిరపకాయలు, ఇంగువ తమ సారాన్ని నూనెకిస్తాయి. ఆ నూనెను అన్నానికి పట్టించడమే పని. అందుచేత సన్నని మంట చాలును. ఇక్కడ రుచి అన్నంలోనే పుట్టవలెను. ప్రతి మెతుకూ కాలుతున్న ఇనుమును ఒకసారి తాకి, పైన కొంచెం ఆరి, కొంచెం వేగి, లోపల మెత్తగా ఉండవలెను. అందుకే పెద్ద మంట, పొడి అన్నం, చురుకైన చెయ్యి కావలెను. ఈ మూడింటిలో ఏది తగ్గినా వచ్చేది వేపుడన్నం కాదు, వేడిచేసిన అన్నం.

ఏ బియ్యం మంచిది?

థాయివారి పేరుపడిన బియ్యాన్ని మనవారు జాస్మిన్ బియ్యం అంటున్నారు. మల్లెపూవు వంటి తెల్లదనాన్ని బట్టి వచ్చిన పేరు అది. 1959లో ఆ దేశ ప్రభుత్వం ఎంపికచేసి రైతులకు విడుదల చేసిన రకమే నేటికీ అందులో పేరుమోసినది. ఆ బియ్యంలోని సువాసనకు కారణమైన పదార్థమే మన బాస్మతిలోనూ ఉన్నది. మొగలి జాతికి చెందిన ఒక ఆకులో కూడ అదే ఉన్నది. ఆ ఆకును థాయివారు పిండివంటలలో వేస్తారు.

అయితే బియ్యం కొరకు మనం సముద్రం దాటవలసిన అవసరం లేదు. మనం నివసిస్తున్న జయపురం ప్రాంతం వరికి పుట్టినిళ్ళలో ఒకటని వరి శాస్త్రజ్ఞులు చెప్పుతారు. 1946లో కటకంలో స్థాపించిన కేంద్ర వరి పరిశోధన సంస్థవారు 1950ల రెండవ సగంలో ఈ కొండలలో తిరిగి పదిహేడువందల పైచిలుకు రకాల నాటు వరి సేకరించారు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానాలలో ఒకటిగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో గుర్తించింది. జయపురం దగ్గరి పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి అనే ఆదివాసి మహిళ నాటు విత్తనాలను దాచి, పెంచి, పదిమందికీ పంచినందుకు 2019లో పద్మశ్రీ పొందారు. ఆమె 2024లో కాలధర్మం చెందారు. ఆ సంవత్సరం మొదట్లోనే కోరాపుట్ కళాజీరా బియ్యానికి భౌగోళిక గుర్తింపు లభించింది. నల్లని పొట్టుతో జీలకర్ర వలె కనిపించే వడ్లు గనుక దానికి ఆ పేరు. గింజ చిన్నది, సువాసన పెద్దది.

కళాజీరాతో ఈ వంట చేస్తే ఇల్లంతా పరిమళిస్తుంది. కాని అది పండుగ బియ్యం, రోజూ వండుకొనేది కాదు. రోజువారీకి పాతబడిన సన్న పచ్చిబియ్యం చాలా బాగుంటుంది. ఒడియావారు అరువా అనేది ఇదే. కొత్తబియ్యం అయితే అన్నం ముద్ద కట్టుతుంది. ఉప్పుడు బియ్యం, అనగా ఉషునా, మెతుకు మెతుకు విడివిడిగా వస్తుంది గనుక ఇదీ పనికివచ్చును. కాకపోతే మెతుకు లావుగా ఉంటుంది, నమలవలెను. ఏ బియ్యమైనా మామూలుకంటె కొంచెం తక్కువ నీళ్ళతో వండవలెను. గంజి వార్చే అలవాటు ఉన్న ఇళ్ళలో ఒక పలుకు ఉండగానే వార్చివేస్తే సరిపోతుంది.

ముందు రాత్రి పని

ఈ వంట పది నిమిషాలదని పైన వ్రాశాను. ఆ మాట నిజమే. కాని ఆ పది నిమిషాల మంచిచెడ్డలు ముందు రాత్రియే నిర్ణయమైపోతాయి. వేడి అన్నాన్ని మూకుడులో వేస్తే ఆవిరి వదలి, ఒకదానికొకటి అంటుకొని, ముద్దయిపోతుంది. చల్లారిన అన్నంలో పిండిపదార్థం గట్టిపడుతుంది, మెతుకు పైభాగం ఆరుతుంది. అప్పుడే అది గరిటె దెబ్బకు ఓర్చుకొంటుంది. చద్దన్నమే దీనికి శ్రేష్ఠమనడంలో రహస్యం ఇదే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. చదువరులు దీనిని వంటకంటె ముఖ్యంగా భావించవలెనని నా ప్రార్థన. బియ్యంలో మట్టినుండి వచ్చే ఒక సూక్ష్మజీవి ఉన్నది. దానిని బాసిల్లస్ సీరియస్ అంటారు. అది విత్తనం వంటి గట్టి రూపంలో దాగి ఉండి, అన్నం ఉడికినా చావదు. ఉడికిన అన్నాన్ని గోరువెచ్చగా, మూతపెట్టి, గంటల తరబడి ఉంచితే ఆ విత్తనాలు మొలిచి, పెరిగి, ఒక విషాన్ని విడుస్తాయి. ఆ విషం తరువాత ఎంత వేయించినా పోదు. తిన్న కొద్ది గంటలలోనే వాంతులు పట్టుకొంటాయి. 1970ల తొలినాళ్ళలో బ్రిటనులో చీనా హోటళ్ళ వేపుడన్నం తిన్నవారికి ఇటువంటి జబ్బు చేసినప్పుడు వైద్యులు ఆరా తీయగా ఈ సంగతి బయటపడింది. వండిన అన్నాన్ని రాత్రంతా వంటింట్లో బయటనే ఉంచి, మరునాడు వేయించి పెట్టడం దానికి కారణం.

కనుక చేయవలసినది ఇది. భోజనాలు కాగానే, లేదా వేపుడు కొరకే వండితే వండిన వెంటనే, అన్నాన్ని వెడల్పయిన పళ్ళెంలో పలుచగా పరచి, పంఖా కింద ఆరనివ్వవలెను. గంటలోపల చల్లారిన అన్నాన్ని మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్జులో ఉంచవలెను. మరునాటిలోపల వాడివేయవలెను. మూడవ పూటకు, నాలుగవ పూటకు దాచడం కూడదు. ఒకసారి వేయించిన అన్నాన్ని మళ్ళీ దాచి మళ్ళీ వేయించడం అసలే కూడదు. కోరాపుట్ కొండమీద చలికాలపు రాత్రి అన్నం తనంతట తానే త్వరగా చల్లారవచ్చును గాని, మే నెలలో రాయగడలో అది ఎంతసేపటికీ వెచ్చగానే ఉంటుంది. ఋతువును నమ్ముకొనడం కంటె పళ్ళెంలో పరచడం మేలు.

ఫ్రిజ్జు లేని ఇంట ఏమి చేయవలెను? రాత్రి మిగిలిన అన్నానికి పెద్దలు చెప్పిన నీళ్ళ పద్ధతియే ఉన్నది. వేపుడు కావలెనంటే ఆ పూటే వండి, పళ్ళెంలో పరచి, గంటసేపు పంఖా కింద ఆరబెట్టి, వెంటనే మూకుడెక్కించవలెను. రుచిలో పెద్ద తేడా రాదు, ఆరోగ్యానికి ఢోకా ఉండదు.

కావలసిన సామాను

నలుగురికి ఇది సరిపోతుంది: 350 గ్రాముల బియ్యంతో వండి చల్లార్చిన అన్నం, కోడిగుడ్లు 4, వెల్లుల్లి రెబ్బలు 10, మధ్యరకం ఉల్లిపాయ 1, గట్టి టమాటా 1, ఉల్లికాడలు ఒక చిన్న కట్ట, నూనె 4 పెద్ద చెంచాలు, సోయా రసం 1 పెద్ద చెంచా, పంచదార 1 చిన్న చెంచా, మిరియాల పొడి అర చిన్న చెంచా, ఉప్పు తగినంత, కొత్తిమిర కొంచెం. పక్కన పెట్టుకొనడానికి లేత దోసకాయ 1, నిమ్మకాయలు 2, చిన్న పచ్చిమిరపకాయలు 6.

నూనె విషయం ఒక మాట. మన పొరుగువారు వాడే ఆవనూనె మంచిదే గాని, దాని ఘాటు ఈ వంటలోని వెల్లుల్లిని మింగివేస్తుంది. నెయ్యి కూడ తగదు. వేరుశెనగ నూనెగాని, వాసన లేని మరొక నూనెగాని వాడవలెను. కుందులిలో శుక్రవారపు సంతకు వెళ్ళేవారికి ఉల్లికాడలకూ, దోసకాయలకూ లోటుండదు. మిరపకాయలలో ఒడియావారు ధని లంకా అనే చిన్న ఘాటు మిరపకాయ దొరికితే థాయి మిరపకాయ కొరకు వెదకనే అక్కరలేదు.

చేయు విధానం

పొయ్యి వెలిగించకముందే సర్వమూ తరిగి, వరుసగా చేతికందేలా పెట్టుకొనవలెను. మంట వెలిగిన తరువాత తరిగే తీరిక ఉండదు. అన్నాన్ని తడి చేతితో విడదీసి, గడ్డలు లేకుండా పొడిపొడిగా చేయవలెను. వెల్లుల్లిని కచ్చాపచ్చాగా దంచవలెను. మిరపకాయలను సన్నగా తరిగి, ఒక నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు, అర చెంచా సోయా రసం కలిపి చిన్న గిన్నెలో ఉంచవలెను. ఇదే నంజుడు.

ఇంటి పొయ్యి మంట హోటలు మంట వంటిది కాదు. నలుగురి అన్నం ఒక్కసారే వేస్తే మూకుడు చల్లారి, అన్నం ఉడికినట్లవుతుంది. అందుచేత సామానంతా రెండు భాగాలు చేసి, రెండు వాయిలుగా వేయించవలెను. మూకుడును ఖాళీగా పెద్ద మంట మీద పెట్టి, సన్నగా పొగ వచ్చేదాకా కాలనిచ్చి, రెండు చెంచాల నూనె పోసి తిప్పవలెను. అంటుకొనకుండా పూత పూసిన పెనం అయితే ఇలా ఖాళీగా కాల్చకూడదు. దానికి ఇనుప మూకుడే తగును.

నూనెలో సగం వెల్లుల్లి వేసి, వాసన వచ్చి లేత బంగారు వన్నె తిరుగుతూ ఉండగానే, తరిగిన ఉల్లిపాయలో సగం వేయవలెను. వెల్లుల్లి నల్లబడితే చేదెక్కుతుంది. అర నిమిషం కాగానే వాటిని ఒక పక్కకు నెట్టి, ఖాళీ అయిన చోట రెండు గుడ్లు పగులగొట్టి వేయవలెను. గుడ్డు సగం గట్టిపడేదాకా కదలించకుండా ఉంచి, అప్పుడు అట్లకాడతో పెద్ద ముక్కలుగా విడగొట్టవలెను. వెంటనే సగం అన్నం వేయవలెను.

ఇక్కడే అసలు పని. అన్నాన్ని ఊరక గిరగిర తిప్పుతూ ఉండకూడదు. అట్లకాడతో మూకుడు అంచులకు పరచి, కొంచెం అదిమి, అర నిమిషం కదలించకుండా ఉంచవలెను. చిటపట శబ్దం వినిపిస్తుంది. అప్పుడు కిందినుండి పైకి తిరగవేయవలెను. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే మెతుకులు ఎగిరిపడుతూ, వేగిన వాసన వస్తుంది. సోయా రసంలో సగం తీసుకొని అన్నం మీద కాక, మూకుడు అంచువెంబడి పోయవలెను. కాలుతున్న ఇనుముకు తగలగానే అది మరిగి కమ్మని వాసన పట్టుతుంది. చిటికెడు పంచదార, మిరియాల పొడి, టమాటా ముక్కలు వేసి ఒక్క నిమిషం కలిపి, ఉల్లికాడలు చల్లి దింపివేయవలెను. ఉప్పు చివరను చూసి వేయవలెను, రసంలోనే ఉప్పున్నది. రెండవ వాయి కూడ ఇదే విధం.

పళ్ళెంలో అన్నం పెట్టి, చుట్టూ దోసకాయ చక్రాలు, ఒక పచ్చి ఉల్లికాడ, నిమ్మబద్ద అమర్చి, పైన కొత్తిమిర చల్లి, నంజుడు గిన్నె మధ్యన పెట్టవలెను. ఈ పక్క సామాను అలంకారం కొరకు కాదు. వేడి, నూనె ఉన్న ముద్దకు చల్లని దోసకాయ, పుల్లని నిమ్మరసం తోడైతేనే ఆ రుచి పూర్తి అవుతున్నది.

పార్వతీపురం నుండి మా మేనత్త వచ్చినప్పుడు ఒకసారి ఇది వడ్డించాము. పళ్ళెం చూసి ఆవిడ, 'ఏటిరా బాబూ, పోపు లేదు, పసుపు లేదు, సద్దన్నానికి ఈ సింగారమేటి?' అన్నది. 'అత్తా, నిమ్మకాయ పిండుకొని ఒక ముద్ద తిని చెప్పు' అన్నాను. ఆవిడ మాటాడకుండా తిన్నది. కాసేపటికి, 'ఆ మిరపకాయల గిన్నె ఇలా జరుపు' అన్నది. అంతకంటె యోగ్యతాపత్రం మేము ఆశించలేదు.

మార్పులు, చేర్పులు

థాయివారి వంటలో సోయా రసం కంటె ముఖ్యమైనది చేపరసం. దానిని వారు నాంప్లా అంటారు. సముద్రపు చిన్నచేపలను ఉప్పుతో కలిపి నెలల తరబడి ఊరబెట్టితే దిగే రసం అది. ఇప్పుడు పట్నాలలో సీసాలు దొరుకుతున్నాయి గాని, లేకపోయినా చింతలేదు. ఆ రసానికి వాడే చేపలు మన నెత్తళ్ళ జాతివే. తినేవారు ఎండు నెత్తళ్ళను తల తీసి, సన్నని సెగమీద కరకరలాడేలా వేయించి, పొడిచేసి, రెండు చిన్న చెంచాలు ఆఖరున చల్లితే ఆ ఉప్పదనం, ఆ లోతైన రుచి చాలావరకు వస్తుంది. ఒడియావారు ఎండుచేపను సుఖువా అంటారు. వారి ఇంటి పఖాళకు తోడైనదే మన ఇంటి ఖావ్ ఫత్‌కు తోడవుతున్నది.

శాకాహారులు గుడ్డు, చేప విడిచి, వాటి బదులు లేత చిక్కుడు, క్యారెట్టు, పుట్టగొడుగులు వాడవచ్చును. కూరగాయలను చాలా సన్నగా తరిగి, ముందుగా విడిగా వేయించి పక్కన ఉంచుకొనవలెను. పచ్చిగా అన్నంతోబాటు వేస్తే నీరు వదలి అన్నాన్ని మెత్తబరుస్తాయి. గుడ్డు లేని లోటుకు వేయించిన వేరుశెనగ పలుకులు గాని, జీడిపప్పు గాని తగును.

అనాసపండుతో చేసేది మరొక రకం. థాయివారు అనాసను సప్పరోత్ అంటారు. ఒడియావారు సపురి అంటారు. నియమగిరి కొండలలో డోంగ్రియా కంధులు పండించే అనాసలు వానాకాలం మొదట్లో చటికొన బుధవారపు సంతకు వస్తాయి. ఆ పండు ముక్కలు ఒక గుప్పెడు, పలాస జీడిపప్పు ఒక గుప్పెడు, అర చెంచా కూరపొడి ఆఖరు నిమిషంలో వేస్తే పులుపు, తీపి కలిసి పిల్లలకు మిక్కిలి ఇష్టమవుతున్నది. అనాస ముక్కలను ముందు విడిగా ఆ మూకుడులోనే వేయించి నీరు ఇగిరించడం మరచిపోకూడదు. కొండ దిగి, బరువు మోసుకొని వచ్చి అమ్మే ఆ తల్లులతో రూపాయి, రెండు రూపాయల కొరకు బేరమాడకుండా కొంటే ఆ రుచి ఇంకా పెరుగుతుందని నా నమ్మకం.

థాయివారు కొన్ని రకాల వేపుళ్ళలో తులసి ఆకులు వేస్తారు. వారు వేసేది మన కోటలోని తులసి జాతియే. పూజించే ఆకును నూనెలో వేయడానికి మన ఇళ్ళలో మనసొప్పదు, ఒప్పవలసిన అవసరమూ లేదు. సబ్జాగింజలు కాసే రుద్రజడ ఆకు అదే కుటుంబంలోనిది. దానిని వాడుకొనవచ్చును. అది లేకపోయినా మామూలు ఖావ్ ఫత్‌కు లోటు లేదు.

వంట ఎవరిది?

ఈ వంటను గురించి ఇంత వ్రాయడానికి మరొక కారణమున్నది. మా ఆఫీసులోనూ, ఇతర ఆఫీసులలోనూ, బడులలోనూ, ఆసుపత్రులలోనూ ఇప్పుడు మన ఆడవారు పనిచేస్తున్నారు. సాయంకాలం భార్యాభర్తలు ఇద్దరూ ఒక్కవేళకే ఇంటికి చేరుతారు. భర్త చొక్కా విప్పి వార్తలు చూస్తూ కూర్చుంటాడు. భార్య చీర కొంగు దోపి పొయ్యి వెలిగిస్తుంది. ఇది న్యాయం కాదని అందరికీ తెలుసును. 'నాకు వంట రాదు' అనే సమాధానం మాత్రం సిద్ధంగా ఉంటుంది.

ఆ సమాధానానికి ఈ వంట చక్కని మందు. ఇందులో పాకం చూడనక్కరలేదు, కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా కొంప మునగదు, గంటలకొలది నిలబడనక్కరలేదు. అన్నం ముందే ఉన్నది. తరగడం ఒక పది నిమిషాలు, వేయించడం మరొక పది నిమిషాలు. నలభై ఏళ్ళు దాటిన మగవాడు కూడ రెండు సాయంకాలాలలో నేర్చుకొనగలడు. భువనేశ్వరంలోనో, విశాఖపట్నంలోనో గది తీసుకొని చదువుకొంటున్న మన పిల్లలకు కూడ ఇది నేర్పి పంపితే, ప్రతి రాత్రీ బయటి తిండి కొరకు డబ్బు పోయకుండా, కడుపు చెడకుండా ఉంటారు. కొడుకైనా, కూతురైనా నేర్పడంలో భేదం చూపకూడదు.

ఈ కొండప్రాంతం 1936 ఏప్రిల్ 1వ తేదీ దాకా విశాఖపట్నం జిల్లాలోనిదే. ఆనాడు ఒరిస్సా రాష్ట్రమూ, కోరాపుట్ జిల్లా ఏర్పడినవి. 1992లో రాయగడ వేరు జిల్లా అయినది. హద్దులు మారినా, ఇక్కడి వంటిళ్ళలో తెలుగు పులిహోర, ఒడియా పఖాళ, ఆదివాసుల రాగి అంబలి పక్కపక్కనే సాగుతూ వచ్చినవి. ఒకటి వచ్చినందుకు మరొకటి పోలేదు. థాయి చుట్టం వచ్చినా అంతే. చద్దన్నానికి ఆవకాయ ఉండనే ఉంటుంది, ఎండాకాలానికి పఖాళ ఉండనే ఉంటుంది.

వచ్చే ఆదివారం రాత్రి రెండు గుప్పెళ్ళ బియ్యం ఎక్కువ వేసి వండండి. అన్నం పళ్ళెంలో పరచి, చల్లార్చి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్జులో దాచండి. సోమవారం సాయంకాలం ఇంట్లో ముందు ఎవరు అడుగుపెట్టితే వారు మూకుడు పొయ్యిమీద పెట్టండి. రెండవవారు దోసకాయ తరగండి.